మొండి కొవ్వు, సిక్స్ ప్యాక్: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి సీమ

పొట్ట ముందు భాగంలో చర్మం కింద పేరుకున్న కొవ్వు బాగా పలచబడినప్పుడు, దాని అడుగున ఉన్న నిలువు కండరం పలకలు పలకలుగా బయటికి తేలుతుంది. ఈ రూపాన్నే తెలుగునాట సిక్స్ ప్యాక్ అంటున్నారు. ముఖం చిక్కి, చేతులు సన్నబడ్డాక కూడా పొత్తికడుపు మీద, నడుము పక్కల వదలకుండా ఉండిపోయే కొవ్వుకు జిమ్ముల్లో మొండి కొవ్వని పేరు. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలు, వాటికి దక్షిణంగా కొల్లేటి లంకలు ఉన్న ఈ సీమలో ఈ విషయానికి రెండు ముఖాలున్నాయి. సినిమా తెర మీద చూసిన పలకల పొట్ట కోసం కుర్రాళ్లు జిమ్ము మెట్లెక్కుతున్నారు. చక్కెర వ్యాధి వచ్చిందనో, వస్తుందనో వాళ్ల తండ్రులు తెల్లవారుజామున కాలవగట్ల మీద నడుస్తున్నారు. ఇద్దరూ తగ్గించుకోవాలనుకునేది పొట్టనే అయినా, ఇద్దరి కొవ్వూ ఒకటి కాదు. ఒంటికి చేటు చేసేది ముందుగా కరుగుతుంది. చివరిదాకా మొండికేసేది పెద్దగా హాని చేయనిది. ఈ తేడా తెలియక చాలామంది అవసరం లేని చోట ఒళ్లు హూనం చేసుకుంటున్నారు, అవసరమైన చోట మధ్యలోనే వదిలేస్తున్నారు.

కండరం, దాని మీది పొర

బొడ్డుకు రెండు పక్కలా నిలువుగా సాగే జంట కండరాన్ని రెక్టస్ అబ్డామినిస్ అంటారు. కింద జఘనాస్థి దగ్గర మొదలై, పైన అయిదు, ఆరు, ఏడో పక్కటెముకల మృదులాస్థికి అతుక్కుంటుంది. రెండు సగాలనూ మధ్యలో తెల్లటి నారపట్టీ ఒకటి కలుపుతుంది. అడ్డంగా సాధారణంగా మూడు నారగీతలు ఉంటాయి. గీతకూ గీతకూ మధ్య కండ ఉబ్బినప్పుడే పలక కనిపిస్తుంది. గీతలు ఎన్ని, రెండు పక్కలా సమంగా ఉన్నాయా, ఎగుడుదిగుడుగా ఉన్నాయా అన్నది పుట్టుకతో వచ్చేది. కొందరికి నాలుగు పలకలే తేలతాయి, కొందరికి ఎనిమిది. ఏ కసరత్తూ ఆ లెక్కను మార్చదు. పక్కల ఏటవాలు కండరాలు, లోపల పొట్టను చుట్టుకుని ఉండే అడ్డ కండరం కూడా ఉన్నాయి. నడుముకు ఊతమిచ్చే పని ఎక్కువగా వీటిదే అయినా అద్దంలో వీటికి పేరు రాదు.

పలకలు ప్రతి మనిషికీ ఉంటాయి. పైన కొవ్వు పొర ఎంత మందంగా ఉందన్నదే తేడా. స్థూలంగా చెప్పాలంటే, పురుషుల్లో ఒంటి బరువులో కొవ్వు 10–12 శాతానికి దిగినప్పుడు పలకలు స్పష్టంగా కనిపిస్తాయి. స్త్రీలలో 16–20 శాతం మధ్య గీతలు తేలతాయి. కండ బాగా పెంచుకున్నవారికి ఇంకాస్త కొవ్వున్నా కనిపిస్తాయి, కండలేనివారికి ఈ అంకెల దగ్గర కూడా కనిపించకపోవచ్చు. కొవ్వు శాతం చూపించే తూకం యంత్రాలు ఒంట్లో నీటిని బట్టి ఊగిసలాడతాయి. ఉదయం ఒక అంకె, సాయంత్రం మరొకటి చూపిస్తాయి. డెక్సా స్కానింగ్ మేలైనదే కానీ అందరికీ అందుబాటులో ఉండదు. దర్జీ టేపు, అదే అద్దం, అదే వెలుతురు మామూలు మనిషికి చాలు.

మొండితనం ఎక్కడిది

పొట్టలో కొవ్వు రెండు చోట్ల చేరుతుంది. చర్మం కింద చేత్తో పట్టుకుంటే మడతగా వచ్చేది ఒకటి. కాలేయం, పేగుల చుట్టూ లోపల పేరుకునేది రెండోది. పొట్ట గట్టిగా, బానలా ముందుకొచ్చి, పైన పట్టుకోవడానికి మడత దొరకని మనిషిలో ఈ లోపలి కొవ్వే ఎక్కువ. చక్కెర వ్యాధికి, గుండె జబ్బుకు, కాలేయానికి కొవ్వు పట్టడానికి దీనితోనే గట్టి సంబంధం ఉంది.

తిండి తగ్గినా, ఒళ్లు కష్టపడినా అడ్రినలిన్, నోర్‌అడ్రినలిన్ అనే హార్మోన్లు పెరిగి కొవ్వు కణం మీది గ్రాహకాలకు తగులుకుంటాయి. బీటా గ్రాహకాలకు తగిలితే కణం తనలోని కొవ్వును విడగొట్టి రక్తంలోకి వదులుతుంది. ఆల్ఫా-2 గ్రాహకాలకు తగిలితే ఆ పని మందగిస్తుంది. లోపలి కొవ్వు ఈ పిలుపుకు త్వరగా పలుకుతుంది. పురుషుల్లో పొత్తికడుపు చర్మం కింద, స్త్రీలలో తుంటి, తొడల దగ్గర ఉండే కొవ్వులో ఆల్ఫా-2 గ్రాహకాల వాటా ఎక్కువ, రక్తప్రసారం తక్కువ. అందుకే అది ఆఖర్న కదులుతుంది. దీనికి తోడు ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నంతసేపూ కొవ్వు విడుదల ఆగుతుంది. రోజంతా ఏదో ఒకటి నములుతూ, గంటకో టీ తాగుతూ ఉండేవారిలో తినేది పెరగడమే కాక, ఈ విడుదలకు విరామం కూడా దొరకదు.

విడుదలైన కొవ్వు చివరికి ఎక్కడికి పోతుంది? చెమటగా కారుతుందని చాలామంది నమ్మకం. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రూబెన్ మీర్‌మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో ఈ లెక్క కట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితిత్తుల గుండా బయటికి పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. వేసవిలో ఉక్కకు మామూలుగానే ఒళ్లు తడిసిపోయే ఈ డెల్టాలో పొట్టకు రబ్బరు బెల్టు బిగించి, ప్లాస్టిక్ జాకెట్టు తొడుక్కుని పరుగెత్తేవాళ్లను చూస్తే భయం వేస్తుంది. బరువు కిలో తగ్గినట్టు కనిపించినా అది నీళ్లే, రెండు గ్లాసులు తాగగానే తిరిగి వస్తుంది. ఈలోపు వడదెబ్బ తగిలే ప్రమాదం మాత్రం నిజమైనది.

పొట్ట కసరత్తు చేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందన్న నమ్మకం కూడా ఇలాంటిదే. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల చేతులను కొలిచారు. ఆడే చెయ్యి రెండో చేతికన్నా ఎంతో ఎక్కువ పని చేస్తుంది, కండ కూడా ఎక్కువే. చర్మం కింది కొవ్వు మందం మాత్రం రెండింటిలోనూ ఒకటే. 1984లో మరో పరిశోధనలో 27 రోజులపాటు వేల సిటప్‌లు తీయించి, పొట్ట, వీపు, పిరుదుల నుంచి కొవ్వు కణాలు తీసి చూశారు. అన్ని చోట్లా ఒకేలా చిన్నబడ్డాయి తప్ప పొట్ట దగ్గర ప్రత్యేకంగా తగ్గలేదు. ఏ భాగం ముందు తగ్గాలో ఒళ్లు నిర్ణయిస్తుంది, మనం కాదు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. 2008లో స్వీడన్ పరిశోధకులు, అణుపరీక్షల వల్ల గాలిలో కలిసిన కార్బన్-14 ఆనవాళ్లతో కొవ్వు కణాల వయసు లెక్కించారు. పెద్దవారిలో కణాల సంఖ్య దాదాపు మారదనీ, ఏటా పది శాతం దాకా పాతవి పోయి కొత్తవి వస్తుంటాయనీ తేల్చారు. సన్నబడినప్పుడు కణాలు చిన్నబడతాయి తప్ప మాయం కావు. తగ్గిన పొట్ట మళ్లీ అంత తేలిగ్గా పెరగడానికి ఇదొక కారణం.

డెల్టా పల్లెల లెక్కలు

ఉభయ గోదావరి జిల్లాల పల్లెలు ఈ విషయంలో ప్రపంచ వైద్య సాహిత్యానికి ఎక్కాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం పేరుతో ఈ జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003–04లో సంభవించిన మరణాల కారణాలు ఆరా తీశారు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారే 32 శాతం అని తేలింది. అంటువ్యాధులే పల్లెలను తింటున్నాయనుకునే రోజులవి. ఇదే కార్యక్రమంలో భాగంగా 20 గ్రామాల్లో ముప్పై ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే, వయసు సర్దుబాటు చేశాక 13.2 శాతం మందికి చక్కెర వ్యాధి ఉన్నట్టు బయటపడింది. వారిలో సగం మందికి ఆ సంగతే తెలియదు. కాలవ నీళ్లు, మూడు పంటలు, రొయ్యల డబ్బు చూసి డెల్టాను అదృష్టవంతుల సీమ అనుకుంటాం. ఆ సిరి వెనకే ఈ జబ్బులూ నడిచి వచ్చాయి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో మహిళల్లో 36 శాతం, పురుషుల్లో 31 శాతం మంది బరువు ఎక్కువగా ఉన్నవారే.

దీనికి తోడు భారతీయుల ఒంటి తీరు వేరు. ఇద్దరు వైద్యులు, పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్, 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో పక్కపక్కనే వేసి ఒక సంగతి చూపించారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరిదీ 22.3 మాత్రమే. కొవ్వు మాత్రం యుడ్కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చొక్కాలో సన్నగా కనిపిస్తూ, చొక్కా తీస్తే బొజ్జతో ఉండే మనిషి మన వీధుల్లో సర్వసాధారణం. చేతులూ కాళ్లూ పీలగా, పొట్ట మాత్రం గుండ్రంగా ఉన్న ఈ ఒంటికి అసలు లోటు కండ. అందుకే మనవారికి బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువుగా లెక్కిస్తారు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్య టేపు పెట్టి కొలవాలి. లుంగీ ముడి వేసుకునే చోట, బొజ్జ కింద కొలుచుకుని నాది ముప్పై నాలుగు అంగుళాలే అనుకుంటే లాభం లేదు.

నూరు సెంటీమీటర్ల నడుమున్న మనిషి తొంభైకి దిగడం, సిక్స్ ప్యాక్ కన్నా చాలా పెద్ద విజయం. పోయేది ఎక్కువగా లోపలి కొవ్వే. అద్దంలో పలకలు కనిపించలేదని ఆ దశలో నిరుత్సాహపడి మానేసేవారి పట్ల నాకు బాధ కలుగుతుంది.

కొల్లేటి పని, కొల్లేటి ఒళ్లు

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు వాటిని సముద్రానికి తీసుకెళ్తుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. సరస్సు లోపలికి చొచ్చుకొచ్చిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తెగ్గొట్టింది. చుట్టూ ఉన్న చెరువుల సాగు మాత్రం కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు విస్తరించే ఉంది.

చెరువు పట్టే రోజున గట్టు మీద నిలబడి చూస్తే పలకల పొట్ట ఎలా వస్తుందో అర్థమవుతుంది. వల లాగే మనుషులు నడుములోతు, ఛాతీలోతు నీళ్లలో బారుగా నిలబడతారు. వల అడుగు తాడు పైకి లేవకుండా బురదలో కాలితో తొక్కిపెట్టి, పైతాడును వెనక్కి వాలి లాగుతారు. చేప ఒక మూలకు చేరాక బుట్టలతో ఎత్తి, తూకం వేసి, ఐసు పోసిన పెట్టెల్లో సర్ది లారీకెత్తుతారు. మేత వేసేవాళ్లు తవుడు, చెక్క నింపిన సంచులకు చిల్లులు పెట్టి కర్రలకు కట్టుకుంటూ పడవ నెట్టుకుంటూ పోతారు. వీరిలో చాలామంది పొట్టలు, ఏ జిమ్ము పేరూ వినకపోయినా, బిగిసి ఉంటాయి. లాగడం, మోయడం, బురదలో నిలదొక్కుకోవడం నడుము చుట్టూ ఉన్న ప్రతి కండరాన్నీ పనిలో పెడతాయి. రోజంతా ఖర్చయ్యే శక్తి తిన్న అన్నాన్ని మిగలనివ్వదు. ఆ ఒళ్లు కూలిబతుకు చెక్కిన ఒళ్లు, దాన్ని అందం పేరుతో మాత్రమే మెచ్చుకోవడం న్యాయం కాదు. ఆ మనిషికి రోజూ సరిపడా మాంసకృత్తులు దొరకాలి, నడుము నొప్పికి వైద్యం దొరకాలి.

అదే చెరువు యజమాని, లెక్కలు చూసే గుమాస్తా, ఐసు ఫ్యాక్టరీ మేనేజరు మోటారు సైకిలు దిగకుండానే రోజు గడుపుతారు. తిండి మాత్రం తాతల నాటిదే. తాటి దోనెలో తిరిగి, మోకాలిలోతు బురదలో పని చేసిన తాత తిన్నంత అన్నం కుర్చీలో కూర్చున్న మనవడు తింటే, మిగిలింది పొట్టకే చేరుతుంది.

తెర మీద బలం

పాత తెలుగు సినిమాలో బలమంటే నిండైన ఒళ్లు. 2022 నాటి జిల్లాల విభజనలో ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు, ఎస్.వి.రంగారావు పుట్టిన ఊరు. నర్తనశాల (1963)లో ఆయన కీచకుడైతే, బరువులెత్తడంలో పేరు మోసిన దండమూడి రాజగోపాలరావు భీముడు. ఆ ఇద్దరిలో ఎవరి బలాన్నీ పొట్ట పలకలతో కొలవలేదు. దండాలు, బస్కీలు, కర్లాకట్టెలతో తాలింఖానాల్లో పెరిగిన ఒళ్లు భారీగానే ఉండేవి.

2007 సంక్రాంతికి వచ్చిన దేశముదురులో అల్లు అర్జున్ పలకల పొట్టతో కనిపించాక లెక్క మారింది. ఆయన తాత అల్లు రామలింగయ్యది పాలకొల్లు. ఈ సీమ కుర్రాళ్లను అంతకన్నా ఎక్కువగా తాకింది భీమవరం నుంచి వచ్చిన సునీల్ మార్పు. బొద్దుగా ఉండే హాస్యనటుడిగా జనం గుండెల్లో నిలిచిన మనిషి పూలరంగడు (2012) కోసం సిక్స్ ప్యాక్ సాధించి చూపించాడు. పుట్టుకతో కండ ఉన్నవాళ్లకే ఇది సాధ్యమనే అపోహ అప్పటితో చాలావరకు పోయింది. అయితే తెర మీద ఆ దృశ్యం కొన్ని రోజుల షూటింగు కోసం. చిత్రీకరణకు ముందు నీళ్లూ ఉప్పూ తగ్గించి చర్మం బిగుతుగా కనిపించేలా చేయడం ఆ రంగంలో మామూలు. తప్పు మోతాదులో చేస్తే లవణాల తూకం చెడి గుండె లయ తప్పుతుంది. వెలుతురు, మేకప్పు సంగతి సరేసరి. ఆ ఒక్క ఫ్రేమును ఏడాది పొడవునా నిలబెట్టుకోవాలనుకోవడం వల్ల కుర్రాళ్లు నీరసపడుతున్నారు.

ఎంత కాలం, ఎంత కొవ్వు

75 కిలోల బరువు, 25 శాతం కొవ్వు ఉన్న యువకుణ్ని తీసుకుందాం. ఒంట్లో కొవ్వు దాదాపు 19 కిలోలు, మిగతాది 56 కిలోలు. ఆ 56 కిలోలను కాపాడుకుంటూ 12 శాతానికి రావాలంటే బరువు 64 కిలోలకు దిగాలి, అంటే 11 కిలోల కొవ్వు పోవాలి. కిలో కొవ్వులో సుమారు 7,700 కిలో కేలరీలు ఉంటాయి. రోజుకు 500 చొప్పున లోటు పెడితే అయిదున్నర నెలలు పడుతుంది. బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుంది కాబట్టి, పెళ్లిళ్లూ పండగలూ కలుపుకుంటే ఏడెనిమిది నెలలనుకోవడం నిజాయితీ. సంక్రాంతి కోడిపందాలు, కొత్త అల్లుడి విందులు ముగిశాక మొదలుపెట్టినవాడికి వినాయక చవితి నాటికి ఫలితం కనబడుతుంది. తొంభై రోజుల్లో పలకలు తేలుస్తామనే ప్రకటన ఇంతకుముందే సన్నగా ఉన్నవాడికి తప్ప వర్తించదు.

వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకు తగ్గితే కండ నిలుస్తుంది. అంతకన్నా దూకుడుగా వెళితే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. అప్పుడు పొర పలచబడినా కింద తేలడానికేమీ మిగలదు. పండగకు పది రోజులు పద్ధతి తప్పినా కొంప మునగదు, మర్నాటి నుంచి మళ్లీ మామూలు కంచానికి వస్తే చాలు.

కంచం

ఈ సీమ ఇంట్లోనే కావలసినవన్నీ ఉన్నాయి. శీలావతి, బొచ్చె వంద గ్రాముల్లో 17 నుంచి 19 గ్రాముల మాంసకృత్తులు ఇస్తాయి, కొవ్వు రెండు గ్రాముల చుట్టుపక్కలే. కొర్రమీను కూడా అంతే పలచన. గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల గుడ్డు ఒక్కోటీ ఆరు గ్రాములు. కండ కాపాడుకుంటూ కొవ్వు తగ్గించుకోవాలంటే రోజుకు కిలో బరువుకు 1.6 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 70 కిలోల మనిషికి 112 గ్రాములు. మామూలు ఆరోగ్యానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే 0.83 గ్రాములకు ఇది దాదాపు రెట్టింపు. మన కంచంలో అసలు లోటు ఇక్కడే. మూడు గరిటెల అన్నానికి రెండు చేప ముక్కలు, పప్పు పలచన, మిగతాదంతా పులుసు.

కొల్లేటి ఇంటి చేపల పులుసులో చింతపండు, కారం, ఉల్లి ఉంటాయి. కొవ్వు పెంచేది వాటిలో ఏదీ కాదు, పైన తేలే నూనె. ఏలూరు పక్కన పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది, ఈ జిల్లా ఆయిల్ పామ్ తోటలకు పేరుపొందింది. పామాయిలైనా, పల్లీ నూనెయినా, కొబ్బరి నూనెయినా గ్రాముకు తొమ్మిది కేలరీలే. ఒక పెద్ద చెంచా దగ్గర నూట ఇరవై దాటుతాయి. అదే చేపను వేపుడు చేస్తే నూనె పీల్చుకుని లెక్క రెట్టింపవుతుంది. పులుసులో నూనె సగానికి తగ్గించి, ముక్కలు రెట్టింపు చేసి, అన్నం సగం పెట్టుకోవడం ఈ సీమకు సరిపడే మొదటి మార్పు. పొట్టుతో నానబెట్టి రుబ్బిన పెసరట్టు, లోపల ఉప్మా లేకుండా, మంచి ఉదయపు తిండి. సాయంత్రం బండి మీద పునుగులు, మిరపకాయ బజ్జీలు మాత్రం పగలంతా పెట్టిన లోటును పది నిమిషాల్లో పూడ్చేస్తాయి.

అన్నం మానేయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, ఎంటీయూ 7029, ఈ చేలల్లో తరాలుగా పండుతోంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2012లో 235 రకాల బియ్యం పరీక్షించి, తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచి 48 నుంచి 92 దాకా ఉందని తేల్చినప్పుడు, తక్కువ సూచి ఉన్నవాటిలో స్వర్ణ ఒకటి. అయినా వండిన వంద గ్రాములకు 130 కేలరీలు ఏ బియ్యానికైనా దాదాపు ఒకటే, కాబట్టి గరిటెలు లెక్కపెట్టక తప్పదు. ఉల్లి, బెల్లం వ్యాపారానికి పేరుపడ్డ తాడేపల్లిగూడెంలో బెల్లం ఒంటికి మంచిదని పంచదారకు బదులు రెట్టింపు వేసుకునేవారున్నారు. వంద గ్రాముల బెల్లంలో 380 కేలరీలు, పంచదారలో 400. తేడా అంతే.

కొన్నేళ్ల కిందట తెలుగునాట వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన పద్ధతి ఊరూరా పాకింది. పిండి పదార్థాలు దాదాపు మానేసి, కొబ్బరి నూనె వంటి కొవ్వుతో ఒళ్లు నడపడం దాని సారం. మొదటి వారం నాలుగు కిలోలు తగ్గినవాళ్లు ఆశ్చర్యపోయారు. కండలో గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉన్న పిండి పదార్థం ఒక్కో గ్రాముతో మూడు గ్రాముల దాకా నీరు ఉంటుంది; పిండి మానేస్తే అదంతా ముందు దిగిపోతుంది. ఆ తరవాత తగ్గేది ఏ పద్ధతిలోనైనా మొత్తం తిండి తగ్గడం వల్లే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని ఏడాదిపాటు గమనించి 2018లో ప్రకటించిన ఫలితంలో, కొవ్వు తగ్గించినవారికీ పిండి తగ్గించినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరికి ఏది ఏళ్లతరబడి సాగుతుందో అదే వారికి మంచిది. చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా అన్నం మానేస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

కసరత్తు, నిద్ర

లోటు తిండితో పెట్టాలి, కండను బరువులతో కాపాడాలి. వారానికి మూడు నాలుగు రోజులు బస్కీలు, బరువు నేల మీంచి ఎత్తడం, తల మీదికి నెట్టడం, కడ్డీకి వేలాడి పైకి లాగుకోవడం ముఖ్యం. పొట్టకు వేరుగా వారంలో రెండు మూడు సార్లు చాలు. కడ్డీకి వేలాడి కాళ్లు ఎత్తడం, ప్లాంకు, బరువు పట్టుకుని వంగి లేవడం మంచివి. మిగతా కండరాల్లాగే పొట్ట కండరానికీ క్రమంగా బరువు పెంచాలి. రోజూ మూడొందల సిటప్‌లు తీస్తే మెడ పట్టేస్తుంది తప్ప పలక మందం కాదు. వీటికి తోడు నడక. ఏలూరు కాలవగట్టు, పల్లెల్లో చేలగట్లు, తాడేపల్లిగూడెంలో కళాశాల మైదానాలు డబ్బు అడగవు.

నిద్రను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2010లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో ఒకే తిండి పెట్టి, అవే మనుషులను ఒక విడతలో ఎనిమిదిన్నర గంటలు, మరో విడతలో అయిదున్నర గంటలు పడుకోనిచ్చారు. బరువు రెండు విడతల్లోనూ తగ్గింది. తక్కువ నిద్రపోయినప్పుడు అందులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది, కండ ఎక్కువగా పోయింది. ఈ సీమలో ఇది గట్టిగా తగిలే మాట. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుందని రొయ్యల చెరువు కాపలాదారు రాత్రంతా మేలుకుని ఏరియేటర్లు చూసుకుంటాడు. అలాంటివాడికి పొద్దున్నే జిమ్ముకు పొమ్మని సలహా ఇవ్వడం కన్నా, పగలు చీకటి గదిలో ఆరేడు గంటలు పడుకోమనడం మేలు చేస్తుంది.

స్త్రీల సంగతి

కాన్పు తరవాత పొట్ట తగ్గకపోవడం చాలాసార్లు కొవ్వు వల్ల కాదు. గర్భం సాగినప్పుడు జంట కండరం మధ్యలోని నారపట్టీ వెడల్పై, రెండు సగాలు దూరంగా జరుగుతాయి. వెల్లకిలా పడుకుని తల ఎత్తినప్పుడు బొడ్డు మీద గట్టులా ఉబ్బితే ఇదేనని అనుమానించాలి. బాలింత నడుముకు పాత చీర బిగించి చుట్టడం మన ఇళ్లలో ఉన్నదే. ఊతంగా ఉంటుంది కానీ కొవ్వు కరిగించదు. ఈ స్థితిలో సిటప్‌లు మొదలుపెడితే చీలిక ఎక్కువ కావచ్చు. ఫిజియోథెరపిస్టు చెప్పే ఊపిరి కసరత్తులతో, లోపలి అడ్డ కండరాన్ని మేల్కొలిపే వ్యాయామాలతో మొదలుపెట్టాలి. పలకల కోసం తిండి మరీ కోసుకున్న అమ్మాయిల్లో నెలసరి ఆగిపోతుంది, ఎముకలు పలచబడతాయి. నెలసరి తప్పిన రోజున ఆ ప్రయత్నం ఆపి డాక్టర్ని కలవాలి.

మందులు, కత్తి

మొండి కొవ్వు కోసం అమ్మే మాత్రల్లో యోహింబిన్ ఆల్ఫా-2 గ్రాహకాలను అడ్డుకుంటుంది. సిద్ధాంతం బాగానే ఉన్నా గుండె దడ, రక్తపోటు పెరగడం దానితో వస్తాయి. క్లెన్‌బ్యుటరాల్, థైరాయిడ్ మాత్రలు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు జిమ్ముల చాటున చేతులు మారుతుంటాయి. వీటన్నిటిలోకీ ఘోరమైనది డైనైట్రోఫినాల్. 1930లలో అమెరికాలో సన్నబడే మందుగా అమ్మి, మరణాల తరవాత 1938లో మనుషులకు పనికిరాదని తేల్చారు. ఒంటి వేడి అదుపు తప్పితే దానికి విరుగుడు లేదు. కొడుకు గదిలో పేరు తెలియని పసుపు పచ్చని మాత్రలు కనిపిస్తే తల్లిదండ్రులు ఊరుకోకూడదు.

లైపోసక్షన్‌తో చర్మం కింది కొవ్వును బయటికి లాగుతారు. 2004లో అమెరికాలో 15 మంది స్త్రీల పొట్ట నుంచి సుమారు పది కిలోల చొప్పున తీసి, మూడు నెలల తరవాత పరీక్షిస్తే చక్కెర, రక్తపోటు, కొలెస్ట్రాల్ ఏవీ మెరుగుపడలేదు. లోపలి కొవ్వు అక్కడే ఉంది మరి.

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఆకలిని తగ్గించి బరువు దింపుతాయి. చక్కెర వ్యాధి, స్థూలకాయం ఉన్నవారికి డాక్టరు రాసిస్తే ఇవి నిజమైన మేలు చేస్తున్నాయి. పలకల కోసం ఆశపడే సన్నని కుర్రాడికి ఇవి ఉద్దేశించినవి కావు. తగ్గే బరువులో కొంత కండ కూడా ఉంటుంది, కాబట్టి వాడుతున్నంతకాలం చేప, గుడ్డు, పప్పు తగ్గించకూడదు, బరువుల కసరత్తు మానకూడదు. సూది ఆపాక ఆకలి తిరిగొస్తుంది, తిండి తీరు మారకపోతే పోయిన బరువులో చాలా భాగం ఏడాది లోపే వెనక్కి చేరుతుందని పరిశోధనల్లో తేలింది.